మెట్ల మీద అతను అడిగిన ప్రశ్న

ప్రిన్సిపాల్ గదిలో నన్ను ఒకే ప్రశ్న అడిగారు. "ఆ మాట నువ్వు అన్నావా, అనలేదా?" ఆ మాట అన్నది నేనే. కాని అన్నానని చెప్పలేదు. టేబుల్ మీది గాజు పలక కింద పెట్టిన వినాయకుడి బొమ్మను చూస్తూ నిలబడ్డాను. నా మౌనాన్ని వాళ్లు 'అనలేదు' అని తీసుకున్నారు. తీసుకోనిచ్చాను. నా పక్కన నిలబడ్డ కుర్రవాడు ఆ వారంలోనే కాలేజీ వదిలి వెళ్లిపోయాడు.

ఇది అతని గురించి. పేరు రాయను, అతని అన్న వద్దన్నాడు. కాలేజీలో అతనికి పెట్టిన ఇంకో పేరు ఉంది. అది మాత్రం రాయక తప్పదు. ఎందుకంటే ఇదంతా ఆ పేరుతోనే మళ్లీ నా దగ్గరికి వచ్చింది.

మా అమ్మాయి ఈ ఏడు మహారాష్ట్రలోని చంద్రపూర్‌లో ఇంజనీరింగ్‌లో చేరింది. నేను చదివిన కాలేజీయే. మా అత్తగారిల్లు రాజురాలో ఉంది, దగ్గర్లో మనవాళ్లు ఉంటారని మా ఆవిడ పట్టుబట్టింది. నేను వద్దన్నాను. ఎందుకు వద్దో చెప్పలేకపోయాను. కారణం లేని మాటను ఎవరు లెక్కచేస్తారు?

చేరిన కొత్తలో ఫోన్ చేస్తే ఒకటే ముచ్చట.

"నాన్నా, హాస్టల్‌ల లిఫ్ట్ ఉంది. నల్లల వేడినీళ్లు వస్తున్నయి. లైబ్రరీ మొత్తం ఏసీ, నేను చున్నీ కప్పుకొని కూసున్న తెల్సా! జిమ్ ఉంది గాని పొద్దుగాల అబ్బాయిలే నిండిపోతున్నరు."

నేను ఊఁ కొడుతున్నాను.

"ఇంక వర్క్‌షాప్‌ల గోడకు ఇంత పెద్ద బోర్డు. మెషిన్ కాడ నోటితోని చెప్పొద్దు, చెయ్యి లేపాలె అని. ఎందుకో తెల్సా? మీ కాలంలనే ఒకడుండెనంట, చాలూ అని. కనబడ్డ స్విచ్చల్లా ఒత్తేటోడంట. ఆటలకు మెషిన్ ఆన్ చేసి సార్ కన్ను పోగొట్టిండంట. కొత్తగ వచ్చినోళ్లందరికి ఫస్ట్ రోజే ఈ కథ చెప్తరు. నీకు తెల్సా వాడు?"

"తెలుసు."

"అవునా! ఎట్లుండెటోడు నాన్నా?"

సిగ్నల్ సరిగా లేదని ఫోన్ పెట్టేశాను. ఆ రాయి లాంటి అబద్ధాన్ని అక్కడ పాతిపెట్టి వచ్చింది నేనే. ఇప్పుడు దాని మీద బోర్డు కట్టి, పిల్లలకు పాఠం చెబుతున్నారు.

ఎట్లా ఉండేవాడో చెబుతాను.

సన్నగా, పొడుగ్గా ఉండేవాడు. కొత్త వస్తువు దేన్నైనా ముట్టుకునే ముందు రెండు అరచేతులూ ప్యాంటుకు తుడుచుకునేవాడు. హాస్టల్ వరండాలో నేను అతన్ని మొదట చూసినప్పుడు అదే చేస్తున్నాడు. రేకుపెట్టె కింద పెట్టి, చేతులు తుడుచుకుని, గోడకున్న స్విచ్ ఒత్తాడు. పైన బల్బు వెలిగింది. ఆర్పాడు. "పనిజేస్తుంది" అన్నాడు, బల్బును మెచ్చుకుంటున్నట్టు. తెలుగులో అన్నాడు గనక నేను తిరిగి చూశాను. "మనోనివేనా?" అని నవ్వాడు.

అతనిది జివతి కొండల మీద ఒక ఊరు. ఆ చుట్టుపక్కల ఊళ్లు మావంటే మావని రెండు రాష్ట్రాలు అంటూ ఉంటాయి. "మాకు ముఖ్యమంత్రులు ఇద్దరు. రోడ్డే ఒక్కటి లేదు" అనేవాడు. మాది సాస్తి. మా నాన్న కరీంనగర్ దిక్కు నుంచి బొగ్గుగనిలో పనికి వచ్చాడు. మధ్యాహ్నం గనిలో మందుగుండు పేలిస్తే మా ఇంట్లో అల్మారా మీది గిన్నెలు గలగలలాడేవి. ఇద్దరం బళ్లో మరాఠీ చదివి, ఇంట్లో తెలుగు మాట్లాడి పెరిగినవాళ్లం. తెలుగు రాయడం నాకు ఉద్యోగం కోసం మంచిర్యాల వచ్చాకే పట్టుబడింది.

మా ఇద్దరికీ ఒకే గది ఇచ్చారు. చేరేటప్పుడు కాలేజీ వాళ్లు ఇచ్చిన రంగుల పుస్తకంలో, కాలేజీలో ఉన్న సౌకర్యాలన్నీ బొమ్మలతో వేశారు. అవన్నీ నిజంగా ఉన్నాయో లేవో తిరిగి చూడాలని అతని పట్టుదల. క్లాసు అయిపోగానే "సూద్దాం పా" అని నా భుజం మీద చరిచేవాడు. నాకు కాళ్లు నొప్పులనేవాణ్ని. "నీ కాళ్లేమన్న అరుగుతయా? సూద్దాం పా."

లైబ్రరీ ముందు చెప్పులు విడిచాడు. అక్కడి ప్యూను నవ్వి, ఇక్కడ విడవక్కర్లేదు, లోపలికి రా అన్నాడు. అయినా వట్టి కాళ్లతోనే వచ్చాడు. పుస్తకం తీసి తెరవలేదు, ముందు వాసన చూశాడు. కంప్యూటర్ గది ముందు నిజంగానే చెప్పులు విడవాలి. అక్కడ నా దిక్కు గర్వంగా చూశాడు. నీళ్ల కూలర్ దగ్గర గ్లాసు నింపుకుని, తాగి, దవడ పట్టుకుని, "పండ్లు జివ్వుమన్నయిరా" అని ఇంకో గ్లాసు తాగాడు. ఆటల గదిలో క్యారమ్ బోర్డు ఉంది, స్ట్రైకర్ లేదు. అతను జేబులోంచి గుండీ తీసి దాంతో ఆడాడు. ఎక్కడికి వెళ్లినా ముందు స్విచ్చులు. అన్నీ ఒక్కోసారి వేసి ఆర్పేవాడు. వాళ్ల ఊళ్లో కరెంటు తన ఇష్టం ఉన్నప్పుడు వచ్చి, ఇష్టం లేనప్పుడు పోయేది. వేయగానే వెలిగే దీపం అతనికి అలవాటు కావడానికి చాలా రోజులు పట్టింది. వార్డెన్ ఒకసారి కోప్పడ్డాడు, స్విచ్చులతో ఆటలేమిటని. "ఆట కాదు సర్, చూస్తున్నా" అన్నాడు. నిజంగా చూస్తున్నాడు.

పుస్తకంలో ఈతకొలను కూడా ఉంది. నీలం నీళ్లు, పక్కన తెల్ల కుర్చీలు. వెతుక్కుంటూ వెళితే హాస్టల్ వెనక గడ్డి మొలిచిన ఖాళీ జాగా కనిపించింది. మధ్యలో ఒక రేకు పాతి, దాని మీద 'ప్రస్తావిత్' అని రాశారు. అంటే, కట్టాలని అనుకుంటున్నారు అని. నేను తిట్టుకుంటూ వెనక్కి తిరిగాను. అతను చెప్పులు విడిచి, ప్యాంటు మోకాళ్ల దాకా మడిచి, గడ్డిలోకి దిగాడు. చేతులు బార్లా చాపి, తల అటూ ఇటూ తిప్పుతూ, బుగ్గలు ఉబ్బించి ఊపిరి వదులుతూ, ఆ చివరి దాకా ఈదాడు. గట్టెక్కి, చెవిలో నీళ్లు పోయినట్టు ఒంటి కాలి మీద గెంతాడు. "పా, నువ్వు గూడ దిగు. నీళ్లు సల్లగున్నయి."

నేను దిగలేదు. ఎవరైనా చూస్తారేమోనని భయం. నాకు ఎప్పుడూ అదే భయం.

సాయంత్రాలు హాస్టల్ డాబా మీద నిలబడితే కరెంటు కర్మాగారం పొగగొట్టాలు కనిపించేవి. అతను వాటి వంక చాలాసేపు చూసేవాడు. "గంత పొగ పోతుంది. గండ్లకెల్లి ఒక్క తీగ మా గుట్ట మీదికి గుంజితే ఏమైతుండె?" అనేవాడు. ఫిర్యాదులా ఉండేది కాదు, ఆలోచనలా ఉండేది. ఎలక్ట్రికల్ చదివి, మొదట తన అన్న పిండిగిర్నీకి డీజిలు ఇంజను తీసేసి కరెంటు మోటారు బిగించాలని అతని కోరిక. అంతకు మించి ఏమీ కోరినట్టు నాకు గుర్తులేదు.

మెస్సులో జరిగిన సంగతి చెప్పాలి. అక్కడే మొదలైంది.

వడ్డించే కాకా గరిటెతో పప్పు పోస్తున్నాడు. వాళ్లు వరణ్ అంటారు. అన్నం దగ్గర ఎవరికైనా అమ్మ భాషే నోటికి వస్తుంది. ఇతను చెయ్యి అడ్డం పెట్టకుండా "చాలు చాలు" అన్నాడు. కాకా ఇంకో గరిటె పోశాడు. "చాలు!" అన్నాడు గట్టిగా. ఇంకో గరిటె. పప్పు పళ్లెం దాటి బల్ల మీదికి పారింది. మరాఠీలో 'చాలూ' అంటే నడవనీ, సాగనీ అని. దీపం వెలుగుతూ ఉంటే చాలూ, మెషిన్ తిరుగుతూ ఉంటే చాలూ. చివరి అక్షరం కొంచెం పొడుగు, అంతే తేడా. మొదటి అక్షరం మనం ఎట్లా పలుకుతామో వాళ్లూ సరిగ్గా అట్లాగే పలుకుతారు. మన మాటను కాస్త గట్టిగా అంటే ఆ తేడా కూడా పోతుంది.

అతను పడీపడీ నవ్వాడు. "మనకు చాలంటే అయిపోవుడు. వీళ్లకు షురువు!"

అవతలి బల్ల నుంచి ఒక సీనియర్ అరిచాడు. "ఏ అండూ గుండూ!" మన భాష వాళ్ల చెవికి అట్లా వినిపిస్తుందని వెక్కిరింత. బల్ల బల్లా అందుకుంది. అండూ గుండూ, అండూ గుండూ అంటూ చెంచాలతో పళ్లేలు వాయించారు. అతను వాళ్లతో కలిసి తాళం వేశాడు. నాకు చెవులు కాలిపోయాయి. సాస్తి బళ్లో ఇదే మాట విని విని, దాన్ని అక్కడే వదిలేసి వచ్చాననుకున్నాను.

ఆ సాయంత్రం డాబా మీద అతనికి చెప్పాను. "ఇగ ఇక్కడ తెలుగు మాట్లాడొద్దు. మరాఠీలనే మాట్లాడాలె."

"బయట మాట్లాడను తియ్యి."

"గదిల గూడ."

"గదిల గూడనా? గోడలు ఇంటయా ఏంది?"

"అలవాటుంటే బయట నోరు జారుతది."

తల గోక్కున్నాడు. "మరి మా అన్నొస్తే?"

"గేటు బయట మాట్లాడుకో."

"సరే. నువ్వు మరాఠీ అంటే మరాఠీ" అన్నాడు. ఆ తర్వాత నవ్వుతూ, "నీ నోట్లెకెల్లి ఇగ ఏదొచ్చినా మరాఠే అనుకుంట" అన్నాడు.

మాట మీద నిలబడ్డాడు. నేనే ఒకటి రెండుసార్లు మరిచిపోయాను గాని అతను మరవలేదు. గదిలో మేమిద్దరమే ఉన్నా, జ్వరంతో పడుకున్నా మరాఠీలోనే నీళ్లు అడిగాడు. వాళ్లన్న జొన్నలు పిండి పట్టించుకుని, ఎర్రకారం కట్టుకుని వచ్చేవాడు. ఇతను గేటు దాటి రోడ్డు అవతలికి వెళ్లి, అక్కడ అన్నతో తెలుగులో కడుపునిండా మాట్లాడి, మళ్లీ గేటులోపల అడుగు పెట్టగానే మరాఠీకి మారేవాడు. ఒకసారి నన్ను కూడా రోడ్డు అవతలికి పిలిచారు. అన్న కనుబొమల మీద పిండి ఉంది. "సాస్తి పిలగానివా? మంచిదాయె. మావోడు జర అమాయకుడు బిడ్డా. నువ్వు కొంచెం సూసుకుంట ఉండు" అన్నాడు. సరేనన్నాను.

వర్క్‌షాప్ మొదటి రోజున గుమ్మం ముందు అతను మళ్లీ చెప్పులు విడిచాడు. అందరూ నవ్వారు. సార్ కూడా నవ్వాడు గాని అది వేరే నవ్వు. "ఇది గుడి అనుకున్నావురా? అనుకో, మంచిదే. కాని బూట్లు వేసుకుని రావాలి" అని, తన పాత బూట్లు తెచ్చి ఇచ్చాడు. నడివయసు మనిషి, కొంచెం పొట్ట, చేతి వేళ్లలో ఎప్పటికీ పోని నూనె నలుపు. ఆయనకు ఇతను నచ్చాడు. "నీకు స్విచ్చులంటే ఇష్టమట కదా? వార్డెన్ చెప్పాడు. పో, అక్కడ నిలబడు. చాలూ అంటే వెయ్యి. బంద్ అంటే తియ్యి. చెప్పకుండా ముట్టుకున్నావో, చెవి మెలిపెడతా." అట్లా లేత్ మెషిన్ స్విచ్ దగ్గర నిలబడటం అతని పని అయింది. చేతులు తుడుచుకుని నిలబడేవాడు.

ఆ రోజు మిగతావాళ్లు గది అవతలి చివర బెంచీల దగ్గర ఇనుప ముక్కలు ఆకురాయితో అరగదీస్తున్నారు. చప్పుడు బాగా ఉంది. సార్ లేత్ మీద ఇనుప కడ్డీ బిగిస్తున్నాడు. బిగించే తాళంచెవి జానెడు పొడుగుంటుంది. దాన్ని గుండ్రటి పట్టులో దూర్చి రెండు చేతులా తిప్పాలి. నన్ను ఇటు వంగి, కడ్డీ తిన్నగా కూర్చుందో లేదో చూసి చెప్పమన్నాడు. నేను ఒక కన్ను మూసి చూస్తున్నాను. కొంచెం వంకర. ఇంకా కొంచెం. సరిగ్గా కూర్చుంది. ఆ చూడటంలో పడి నాకు నేను పెట్టిన నియమం గుర్తులేదు. చప్పుడులో వినిపించాలని గట్టిగా అన్నాను.

"చాలు! చాలూ!"

అతను స్విచ్ వేశాడు.

తాళంచెవి ఇంకా పట్టులోనే ఉంది. మెషిన్ తిరగగానే అది ఎగిరి సార్ ముఖానికి తగిలింది. ఎడమ కన్ను. ఆయన అరవలేదు, పక్కకు కూర్చుండిపోయాడు. అందరికంటే ముందు పరుగెత్తి ఆయన తల ఒళ్లో పెట్టుకున్నది అతనే. నేను ఉన్నచోటే ఉన్నాను.

సార్ ప్రాణం దక్కింది, కన్ను దక్కలేదు. ఆ దెబ్బకు ముందు ఏం జరిగిందో ఆయనకు గుర్తు లేకపోయింది. చెప్పగలిగినవాళ్లం ఇద్దరమే మిగిలాం.

ప్రిన్సిపాల్ గదిలో అతను ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "చాలూ అని వినిపించింది సర్. వేశాను." ఎవరన్నారని అడిగితే నన్ను చూపించాడు. నింద వేస్తున్నట్టు చూపించలేదు. వీడు ఉన్నాడు గదా, చెబుతాడులే అన్న ధీమాతో చూపించాడు. వార్డెన్ అందుకున్నాడు. వీడికి మొదటి నుంచీ స్విచ్చుల పిచ్చి సర్, నేను ఎన్నోసార్లు తిట్టాను అన్నాడు. అప్పుడు ప్రిన్సిపాల్ నా వైపు తిరిగాడు.

నేను మౌనంగా ఎందుకు ఉన్నానో ఇన్నేళ్లుగా నాకు నేను రకరకాలుగా చెప్పుకున్నాను. మరాఠీ 'చాలూ' నేను అనలేదు, నేను అన్నది వేరే మాట, కాబట్టి అనలేదంటే అబద్ధం కాదు అని ఒకటి. ఒక మనిషి కన్ను పోయింది, పోలీసులు వస్తే మా నాన్న గనిలో పని పోతుందని ఒకటి. అవునని చెబితే తెలుగులో అన్నానని చెప్పాలి, అందరి ముందూ మళ్లీ అండూ గుండూ కావాలి అని ఇంకొకటి. మూడోది చిన్నది, సిగ్గుమాలినది. కాని నన్ను ఆపింది అదే.

గది బయట మెట్లు దిగుతుంటే అతను ఆగాడు. చుట్టూ చూశాడు. నియమం పెట్టుకున్నాక మొదటిసారి కాలేజీ లోపల నాతో తెలుగులో మాట్లాడాడు.

"ఒక్కటి జెప్పు. నాకు గదొక్కటే కావాలె. నువ్వు తెలుగుల అన్నవా, మరాఠీల అన్నవా? లేకుంటె నువ్వేమనలేదా, నాకే గట్ల ఇనబడ్డదా?"

ఆ గొంతులో కోపం లేదు. తన చెవి మీద తనకే నమ్మకం పోతున్నవాడి గొంతు అది. నేను ఒక్క మాట చెబితే చాలు, అతను తనను తాను నమ్ముకుని బతికేవాడు.

"మలా మాహీత్ నాహీ" అన్నాను. నాకు తెలియదు అని, మరాఠీలో.

అతను నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. తర్వాత "అచ్ఛా" అని, అరచేతులు ప్యాంటుకు తుడుచుకుని మెట్లు దిగిపోయాడు.

అతన్ని ఆ ఏడుకు తీసేసి, వచ్చే ఏడు మళ్లీ చేరవచ్చన్నారు గాని అతను రాలేదు. సార్ ఇచ్చిన బూట్లు తుడిచి మంచం కింద జోడించి పెట్టి వెళ్లాడు. కాలేజీలో అతనికి 'చాలూ' అనే పేరు స్థిరపడింది. ఆ మాటకు ఇంకో అర్థం కూడా ఉంది: జిత్తులమారి. తప్పించుకోవడానికి తప్పు నా మీదికి నెట్టబోయాడని చెప్పుకున్నారు. నేను ఆ నవ్వుల్లో కూర్చున్నాను. కొన్నిసార్లు నవ్వాను కూడా. సార్ నల్లకళ్లద్దాలతో తిరిగి వచ్చాడు. నేను ఆయనకు ఎడమవైపున నిలబడితే మెడ మొత్తం తిప్పి చూసేవాడు. చదువు అయిపోయేదాకా నేను ఆయన కుడివైపునే నిలబడ్డాను. ఆయనకు కూడా చెప్పలేదు. ఇప్పుడు ఆయన లేడు.

అమ్మాయి ఫోన్ తర్వాత వచ్చిన ఆదివారం నేను ఆసిఫాబాద్ మీదుగా బస్సెక్కాను. లక్కడ్‌కోట్ దాటితే బోర్డుల మీద భాష మారుతుంది. రాజురాలో దిగి, జివతి బస్సు పట్టుకుని కొండెక్కాను. దారి పొడుగునా మాటలు కూడదీసుకున్నాను. ఏ ఒక్కటీ బాగున్నట్టు లేదు. అతను కొడతాడేమో, కొడితే బాగుండును అనుకున్నాను.

పిండిగిర్నీ అంటే అందరూ దారి చూపించారు. డీజిలు ఇంజను లేదు, కరెంటు మోటారే. గిర్నీ హోరులో, డబ్బాలు వరసగా పెట్టుకుని ఆడవాళ్లు కూర్చుని ఉన్నారు. లోపల ఒక ముసలాయన. కనుబొమలు తెల్లగా ఉన్నాయి, పిండో వయసో తెలియలేదు. అతని పేరు చెప్పి, కలవాలన్నాను.

"తమ్ముడు లేడు" అన్నాడు అన్న.

"ఎప్పుడొస్తడు?"

"పోయిన ఎండకాలం పోయిండు. చేన్ల పత్తికట్టె పీకుకుంట గక్కడనే ఒరిగిండు. దవాఖానకు దించేదాంక ఆగలే." నన్ను పైనుంచి కిందిదాకా చూశాడు. "నువ్వు సాస్తి పిలగానివి గదా?"

అవునన్నాను. కూర్చోమని బస్తా జరిపాడు. నేను అడగకుండానే చెప్పుకుపోయాడు. చెప్పుకునేవాళ్లు దొరక్క ఉన్నట్టున్నాడు.

"మోటరు వాడే బిగిచ్చిండు బిడ్డా. తీగలు గుంజుడు, నట్లు బిగిచ్చుడు, అంత వాడే. కని స్విచ్ నేను ముట్టనియ్యలే. సారు కన్ను దీసొచ్చినోనికి మిషినెట్ల అప్పజెప్త? నువ్వు తూకం కాడ కూసో అన్న. కూసున్నడు. సచ్చేదాంక గిర్నీల గా తూకం కాడనే. ఒక్క మాట అంటుండె. 'నేను ఇన్నదే జేసిన అన్నా' అని. ఎన్నేండ్లు గదే మాట. ఆఖరి ఆఖరికి, 'ఇన్ననో లేదో గూడ తెల్వది' అనబట్టిండు. నేనేమో, ఊకో ఇగ, అయిపోయిన ముచ్చట అంటుంటి."

అప్పుడు చెప్పాను. డాబా మీద నేను పెట్టిన నియమం దగ్గర మొదలుపెట్టి మెట్ల దాకా, గిర్నీ హోరులో ఆయన చెవి దగ్గర నోరు పెట్టి అంతా చెప్పాను. ఆయన అడ్డు రాలేదు. అయిపోయాక తూకం వైపు చూశాడు. ఇప్పుడు అక్కడ ఎవరూ లేరు, ఖాళీ పీట ఉంది.

"నువ్వు జెప్పలే సరే," అన్నాడు చివరికి, "నేనన్న నమ్మొద్దా వాన్ని? సొంత తమ్ముడు."



ఆయన లేచాడు. నన్ను బయటికి నెడతాడనుకున్నాను. వెళ్లి మోటారు ఆపాడు. హోరు తగ్గి, చక్రం నిలిచిపోయాక ఆ నిశ్శబ్దం చెవులకు బరువుగా అనిపించింది. ఆడవాళ్లు తలలు ఎత్తారు. ఒకామె మరాఠీలో, కరెంటు పోయిందా అని అడిగింది.

"కరెంటు పోలే" అన్నాడు. నా వైపు తిరిగాడు. "నా చెవుల జెప్తే ఏమొస్తది? ఈ ఊరంత వాన్ని గట్లనే అనుకున్నది. ఈళ్లందరి ముంగట జెప్పు. తెలుగోళ్లున్నరు, మరాఠోళ్లున్నరు, రెండిట్ల జెప్పు."

పిండి రాలిన ఆ నేల మీద నిలబడ్డాను. మొదట మరాఠీలో చెప్పాను. ఆ తర్వాత, అతనికి ఏ భాషలో జవాబు చెప్పాల్సి ఉండిందో ఆ భాషలో చెప్పాను.

"ఈయన తమ్ముడు ఇన్నది నిజం. చాలు అని తెలుగుల అన్న, నేనే అన్న. ఆయన అడిగితే తెల్వదన్న. సారు కన్ను పోయింది నా మాటకు, ఈయన తమ్ముని చదువు పోయింది నేను మాట్లాడకపోవుడుకు. ఆయన తప్పు ఇంతంత గూడ లేకుండె. బతికుండంగ వచ్చి చెప్పలేకపోయిన. నన్ను మన్నించుండ్రి."